బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో తూటా పేలకపోతే: ఫైరింగ్ పిన్, ప్రైమర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో లైసెన్సు మీద .315 స్పోర్టింగ్ రైఫిల్ ఉంచుకున్నవాళ్ల నుంచి ఒకే రకం సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ట్రిగ్గర్ నొక్కితే టక్‌మంటుంది, తూటా మాత్రం పేలదు. చాలామంది నేరుగా "పిన్ను అరిగింది, కొత్తది ఎక్కడ దొరుకుతుంది?" అని అడుగుతారు. నిజానికి పిన్ను, అంటే ట్రిగ్గర్ నొక్కగానే ముందుకు దూకి తూటాను కొట్టే సన్నటి కడ్డీ, అరగడం అరుదు. బోల్టు (తూటాను లోపలికి నెట్టి వెనక నుంచి మూసే భాగం) లోపల నూనె బంకగా మారడం, బోల్టు పూర్తిగా మూసుకోకపోవడం, తూటాలు పాడవడం, ఎక్కువసార్లు తేలేవి ఈ మూడే. మీ రైఫిల్‌కు వీటిలో ఏది వర్తిస్తుందో పేలని తూటా అడుగున ప్రైమర్ (దెబ్బ తగలగానే అంటుకుని లోపలి మందును రగిలించే చిన్న కప్పు) మీద పడిన గుంట చూస్తే తెలుస్తుంది. అది చూడకుండా ఏ భాగాన్నీ మార్చవద్దు.

ఇక్కడ .315 అంటే మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ రైఫిల్. దాని బోల్టు లీ-ఎన్‌ఫీల్డ్ తరహాది, కొలతలు కూడా ఆ తరహాకే ఇచ్చాం. మౌజర్ తరహా బోల్టు ఉన్నవాళ్లు తమ రైఫిల్ తయారీదారు చెప్పిన కొలతలే పాటించాలి.

## తూటా పేలని ఆ నిమిషంలో

ట్రిగ్గర్ నొక్కితే టక్‌మంది, ఏమీ పేలలేదు. వెంటనే బోల్టు తెరవచ్చా?

తెరవకూడదు. రైఫిల్‌ను గురి వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసి, కనీసం 60 సెకన్లు ఆగండి. ప్రైమర్ మందకొడిగా అంటుకుంటే లోపలి మందు కాస్త ఆలస్యంగా పేలుతుంది. ఆ ఆలస్యం మామూలుగా సెకనులో కొంత భాగమే, అయినా నిమిషం ఆగమనడానికి గట్టి కారణం ఉంది. చాంబర్‌లో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోట, ఉన్నంతసేపూ తూటాను నాలుగు వైపులా ఉక్కు కాస్తుంది. బోల్టు తెరిచి సగం బయటికి లాగాక పేలితే ఇత్తడి కేసు చీలి, ముక్కలు కళ్లలోకి, చేతుల్లోకి దూసుకొస్తాయి.

నిమిషం గడిచాక ముఖం బోల్టు వెనక వరుసలో లేకుండా పక్కకు జరిపి, గొట్టం సురక్షిత దిశలోనే ఉంచి, బోల్టు మెల్లగా తెరవండి. బయటికి వచ్చిన తూటాను మంచి తూటాలతో కలపకుండా విడిగా, మనుషులకు దూరంగా పెట్టండి. అద్దాలు పెట్టుకోకుండా ఈ పని చేయవద్దు.

తుస్సుమన్న చిన్న శబ్దం వచ్చింది, దెబ్బ భుజానికి తగల్లేదు. ఇంకో తూటా పెట్టి కాల్చనా?

వద్దు. దీనికి మినహాయింపు లేదు. ప్రైమర్ పేలి లోపలి మందు సరిగా అంటుకోకపోతే గుండు గొట్టం మధ్యలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. దాని వెనక ఇంకో గుండు వెళితే గొట్టం ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. నిమిషం ఆగి, బోల్టు తీసి, చాంబర్, మ్యాగజైన్ రెండూ ఖాళీ అని చూసుకున్నాక చాంబర్ వైపు నుంచి గొట్టంలోకి చూడండి. ఆ చివర వెలుతురు గుండ్రంగా కనబడకపోతే రైఫిల్‌ను అలాగే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇనుప కడ్డీతో పొడిచి గుండు తీయాలని చూస్తే గొట్టం లోపలి గాడులు పాడవుతాయి.

బోల్టు తెరవకుండా వెనక బుడిపె లాగి రెండోసారి కొట్టచ్చా?

లీ తరహా రైఫిల్‌లో ఆ బుడిపెను, అంటే పిన్ను వెనక చివర ఉండే కాకింగ్ పీస్‌ను, వెనక్కి లాగితే బోల్టు తెరవకుండానే పిన్ను మళ్లీ ఎక్కుతుంది, అంటే వెనక్కి వెళ్లి కొట్టడానికి సిద్ధమవుతుంది. రేంజిలో, నిమిషం ఆగాక, ఒక్కసారి ఇలా చేయచ్చు. అంతకు మించి కొట్టవద్దు. మొదటి శబ్దం తుస్సుమన్నట్టు ఉంటే ఆ ఒక్కసారి కూడా వద్దు.

ఈ రెండో దెబ్బ ఫలితాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత కారణం వెతికేటప్పుడు పనికొస్తుంది. రెండో దెబ్బకు పేలితే ప్రైమర్ బతికే ఉంది, మొదటి దెబ్బకే బలం చాలలేదు. అప్పుడు పిన్ను బలం ఎక్కడో వృథా అయింది: బోల్టులో బంక పట్టి ఉండాలి, పిన్నును ముందుకు నెట్టే స్ప్రింగు నీరసించి ఉండాలి, లేదంటే తూటా చాంబర్‌లో ముందుకు జరిగేసరికే దెబ్బ తీరిపోయి ఉండాలి. రెండో దెబ్బకూ పేలకపోతే తూటాను అనుమానించండి.

సేఫ్టీ తీసే ఉంది. అయినా ట్రిగ్గర్ గట్టిగా బిగుసుకుపోయింది, బోల్టు కూడా కదలడం లేదు. ఏమైంది?

కాకింగ్ పీస్ సగం దూరంలో ఆగిపోయింది. లీ తరహాలో కాకింగ్ పీస్‌కు రెండు గాళ్లు ఉంటాయి. పిన్ను పూర్తిగా ఎక్కకుండా మధ్య గాడిలో పడితే ట్రిగ్గర్, బోల్టు రెండూ బిగుస్తాయి. గొట్టం సురక్షిత దిశలో ఉంచి, బుడిపెను గట్టిగా పూర్తిగా వెనక్కి లాగి, తర్వాత బోల్టు తెరిచి తూటా తీయండి. బోల్టును నెమ్మదిగా, అనుమానంగా మూసేవాళ్లకు ఇది ఎక్కువగా ఎదురవుతుంది. ఈ రైఫిల్‌లో పిన్ను ఎక్కేది బోల్టు ముందుకు నెట్టేటప్పుడే కాబట్టి చివరి అంగుళంలో చేతికి స్ప్రింగు బరువు తగులుతుంది. అక్కడ ఆగకుండా ఒకే ఊపులో నెట్టి పిడి దించాలి. సరిగ్గా మూసినా పదే పదే మధ్య గాడిలోనే పడుతుంటే సియర్ (పిన్నును వెనక పట్టి ఉంచి, ట్రిగ్గర్ నొక్కితే వదిలే ముక్క) అరిగినట్టు. అది ఇంట్లో ముట్టుకునే పని కాదు.

## పేలని తూటా చేతికొచ్చాక

ప్రైమర్ మీద గుంట ఎలా ఉంటే సరైనది?

మధ్యలో, గుండ్రంగా, అంచులు నునుపుగా, సుమారు అర మిల్లీమీటరు లోతుగా ఉండాలి. లోతు కొలవడానికి ఇంట్లో సాధనం ఉండదు కాబట్టి పోలిక మీద ఆధారపడండి. అదే రైఫిల్‌లో బాగా పేలిన ఖాళీ కేసులు రెండు మూడు దాచుకోండి. పేలని తూటాను వాటి పక్కన నిలబెట్టి, పక్క నుంచి టార్చి లైటు వేసి చూస్తే తేడా కంటికి తెలుస్తుంది. ఒక్క సవరణ గుర్తుంచుకోవాలి: పేలిన కేసు మీద గుంట కాస్త మారుతుంది, ఎందుకంటే లోపలి ఒత్తిడి ప్రైమర్‌ను వెనక్కి, పిన్ను మీదికి నొక్కుతుంది. అందువల్ల చిన్న తేడాను పట్టించుకోకండి, కొట్టొచ్చినట్టు కనబడే తేడానే లెక్కలోకి తీసుకోండి.

గుంట బాగా లోతుగానే పడింది. అయినా పేలలేదు. రైఫిల్ తప్పేనా?

కాదు, తూటా తప్పు. పిన్ను తన పని తాను చేసింది. ప్రైమర్ లోపల మందు తడిసి ఉండాలి, నూనె చేరి ఉండాలి, లేదా కాలం తీరి ఉండాలి. అదే పెట్టెలో తూటాలు వరుసగా ఇలాగే చేస్తే ఆ పెట్టె మొత్తం పక్కన పెట్టండి. వేరే లాటు, అంటే వేరే విడతలో తయారైన, తూటాలు నిలకడగా పేలితే విషయం తేలిపోయినట్టే. ఈ దశలో స్ప్రింగు మార్పించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, డబ్బు దండగ.

గుంట లోతు లేకుండా పైపైన పడింది. ఏం చూడాలి, ఏ వరుసలో?

ఖర్చు లేని వాటి నుంచి మొదలుపెట్టండి.

మొదట, కాల్చేటప్పుడు బోల్టు పిడి పూర్తిగా కిందికి దిగిందా? పిడి కొద్దిగా పైకి ఉంటే, ముందుకు దూకే కాకింగ్ పీస్ బోల్టు గాడి ఏటవాలుకు తగిలి, ఆ బలంలో కొంత పిడిని కిందికి దించడానికే ఖర్చవుతుంది. ప్రైమర్‌కు మిగిలేది తక్కువ. దీనికి గుర్తు ఉంది: ట్రిగ్గర్ నొక్కగానే పిడి తనంతట తాను కాస్త కిందికి కదులుతుంది. చాంబర్‌లో మురికి, తూటా అంచు మీద చిలుము, బోల్టు ముఖం గుంటలో ఇరుక్కున్న ఇత్తడి రజను, ఇవన్నీ పిడి దిగకుండా ఆపేవే.

రెండోది, బోల్టు లోపలి నూనె. మన దగ్గర పైపై గుంటలకు అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. స్ప్రింగు చుట్టల మధ్య పాత నూనె, దుమ్ము, తుప్పు కలిసి బంకగా మారితే పిన్ను వేగం పడిపోతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పేలక, ఎండెక్కాక పేలుతుంటే అనుమానమే అక్కర్లేదు.

మూడోది, పిన్ను బయటికి ఎంత పొడుచుకొస్తుందో కొలవాలి. నాలుగోది స్ప్రింగు. అయిదోది హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్టు ముఖానికీ తూటా అంచు ఆనే చోటికీ మధ్య సందు. సందు ఎక్కువైతే పిన్ను తగలగానే తూటా ముందుకు జారుతుంది, దెబ్బ తేలిపోతుంది. హెడ్‌స్పేస్‌ను గేజ్ పెట్టి చూడాలి, కంటితో తేలదు.

గుంట పక్కకు పడింది. పిన్ను వంకర పోయిందా?

కొద్దిగా పక్కకు పడటం లీ తరహా రైఫిళ్లలో మామూలే, దానివల్ల తూటా ఆగదు. నడిమధ్య నుంచి అర మిల్లీమీటరు దాటి జరిగితే మాత్రం ఆలోచించాలి. ప్రైమర్ లోపల మందు కింద చిన్న దిమ్మె ఉంటుంది. పిన్ను కప్పును నొక్కితే మందు ఆ దిమ్మెకూ కప్పుకూ మధ్య నలిగి అంటుకుంటుంది. దెబ్బ పక్కకు పోతే ఆ నలుగుడు సరిగా జరగదు. పిన్ను వంగడం, బోల్టు హెడ్ (బోల్టు ముందు చివర మరతో బిగించే ముక్క) వేరే రైఫిల్‌ది కావడం, పిన్ను రంధ్రం అరిగి పెద్దదవడం దీనికి కారణాలు. మూడూ గన్‌స్మిత్ చూడాల్సినవే.

పేలింది గానీ ప్రైమర్‌కు చిల్లు పడింది. పర్వాలేదా?

పర్వాలేదనుకోవద్దు, ఆ రైఫిల్‌తో కాల్చడం అక్కడితో ఆపండి. చిల్లు నుంచి వేడి గ్యాసు బోల్టులోకి, అక్కడి నుంచి మీ ముఖం వైపు వస్తుంది. పిన్ను మొన గుండ్రదనం పోయి పదునెక్కినా, గ్యాసు కొట్టి మొన మీద గుంటలు పడినా, పిన్ను మరీ బయటికి పొడుచుకొచ్చినా ప్రైమర్ చిల్లుపడుతుంది. ఒకసారి చిల్లు పడితే ఆ గ్యాసే మొనను ఇంకా తింటుంది, కాబట్టి తర్వాతి ప్రైమర్లకూ చిల్లు పడే అవకాశం పెరుగుతుంది.

అసలు గుంటే పడలేదు. టక్‌మన్న శబ్దం మాత్రం వినిపించింది.

పిన్ను మొన విరిగి ఉండవచ్చు. లేదా బోల్టు హెడ్ పూర్తిగా బిగించకపోవడం. శుభ్రం చేసేటప్పుడు బోల్టు హెడ్ విప్పి, తిరిగి ఒక చుట్టు తక్కువ బిగించి వదిలేస్తే పిన్ను మొన ప్రైమర్‌ను అందుకోదు. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. చుట్టు తక్కువైతే బోల్టు కొలతే మారిపోతుంది, ఆ స్థితిలో తూటా పేలితే ప్రమాదం కాల్చేవాడికే. హెడ్‌ను ఆగేదాకా లోపలికి తిప్పి, దాని కొక్కెం బోల్టు మీది గట్టుకు వరుసగా నిలిచిందో లేదో ప్రతిసారీ చూడండి.

## బోల్టు తీసి చూసేటప్పుడు

పిన్ను ఎంత బయటికి రావాలి? ఇంట్లో కొలవచ్చా?

లీ-ఎన్‌ఫీల్డ్ తరహాకు 0.040 నుంచి 0.050 అంగుళం, అంటే సుమారు 1.0 నుంచి 1.27 మిల్లీమీటర్లు. కొలవడం మరమ్మతు కాదు, మీరే చేసుకోవచ్చు. మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ అని కంటితో చూసి, వేలు పెట్టి తడిమి, తూటాలు వేరే గదిలో ఉంచాక బోల్టు బయటికి తీయండి. పిన్ను వదిలిన స్థితిలో, అంటే పూర్తిగా ముందుకు వచ్చి ఉన్నప్పుడు, వెర్నియర్ కాలిపర్ తోకను బోల్టు ముఖానికి ఆనించి మొన ఎత్తు కొలవండి. మూడుసార్లు కొలిచి చూడండి, మూడూ దగ్గర దగ్గరగా రావాలి.

తక్కువ వస్తే వెంటనే పిన్ను పొట్టిదైందని తీర్మానించవద్దు. బోల్టు లోపల మురికి పేరుకుంటే పిన్ను పూర్తిగా ముందుకు రాదు. శుభ్రం చేసి మళ్లీ కొలవండి. అప్పటికీ తక్కువే వస్తే కాకింగ్ పీస్ వెనక వైపు చూడండి. పిన్ను చివర కాకింగ్ పీస్ వెనక ముఖంతో సమానంగా ఉండాలి. లోపలికి పోయినా, బయటికి పొడుచుకొచ్చినా ఎవరో విప్పి సరిగా బిగించలేదని అర్థం. ఆ మర తిప్పి సరిచేయడం గన్‌స్మిత్ పని.

పిన్ను విప్పకుండా బోల్టు లోపల శుభ్రం చేయడం ఎలా?

లీ తరహాలో పిన్ను విప్పడానికి ముందు నుంచి దూర్చే పొడవాటి ప్రత్యేక పానా కావాలి. అది లేకుండా కటింగ్ ప్లేయరుతో ప్రయత్నించి పిన్ను భుజాలు గుండ్రం చేసేస్తారు. విప్పకుండానే చాలావరకు పని అవుతుంది.

ఒక పొడవాటి గాజు సీసాలో మినరల్ టర్పెంటైన్ లేదా కిరసనాయిలు పోసి, బోల్టును మొన కిందికి ఉండేలా రాత్రంతా నానబెట్టండి. పెట్రోలు వాడవద్దు, ఆవిరి అంటుకుంటే ఇల్లు కాలుతుంది. తెల్లారి బోల్టును తీసి ఆడించి, మురికి నూనె కారిపోనిచ్చి, కొత్త ద్రవంతో మళ్లీ కడగండి. కారే ద్రవం రంగు లేకుండా వచ్చేదాకా ఇలా చేయాలి. బాగా బంక పట్టిన బోల్టుకు మూడు విడతలు పడుతుంది. తర్వాత మొన కిందికి పెట్టి నీడలో పూర్తిగా ఆరనివ్వండి. కిరసనాయిలు వాడితే ఆరాక శుభ్రమైన గుడ్డతో అందినంత మేర తుడవండి, దాని పొర మిగిలితే తుప్పును ఆపదు. చివర్లో పల్చటి తుపాకీ నూనె ఒకటి రెండు చుక్కలు చాలు. గ్రీజు బోల్టు లోపలికి పోకూడదు, బయట లాకింగ్ లగ్గుల (మూసినప్పుడు బోల్టును పట్టి ఉంచే దిమ్మెల) మీద పల్చగా రాస్తే సరిపోతుంది.

కొబ్బరినూనె వాడుతున్నాం. తప్పా?

తప్పే. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఒంగోలులో, నెల్లూరులో చలికాలం రాత్రులు అంతకంటే చల్లగా ఉంటాయి, పడమటి వైపు గిద్దలూరు, కనిగిరి పల్లెల్లో ఇంకా చల్లన. సీసాలో నూనె గట్టిపడినట్టే బోల్టు లోపలా గట్టిపడుతుంది. పైగా వంటనూనె ఏదైనా గాలి తగిలి కాలక్రమేణా జిగురవుతుంది. తుపాకీ నూనె దొరకకపోతే కుట్టుమిషన్ నూనె నయం. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేలు తుప్పు వదిలించడానికి, తడి తరమడానికి పనికొస్తాయి, కందెనగా వాటి మీద ఆధారపడవద్దు. స్ప్రే కొట్టిన తర్వాత తుడవకుండా తూటా పెట్టడం మరీ చేటు. ఆ పల్చటి నూనె ప్రైమర్ అంచు సందులోంచి లోపలికి పాకి మందును చంపేస్తుంది.

స్ప్రింగు నీరసించిందని ఎలా తెలుస్తుంది? సాగదీస్తే సరిపోతుందా?

సాగదీయవద్దు. వెనక వాషరు పెట్టడం కూడా వద్దు. సాగదీసిన స్ప్రింగు కొద్ది రోజుల్లోనే మళ్లీ కుంగుతుంది. వాషరు పెడితే చుట్టలు ఒకదానికొకటి తగిలి పిన్ను పూర్తిగా ఎక్కదు, మధ్య గాడిలో పడుతుంది.

బోల్టు శుభ్రంగా ఉండి, పిన్ను పొడుపు కొలత సరిపోయి, వేరే లాటు తూటాలకూ గుంట పైపైనే పడుతుంటే అప్పుడు స్ప్రింగును అనుమానించండి. బోల్టు మూసేటప్పుడు చేతికి తగిలే బరువు మునుపటికంటే తగ్గినట్టు అనిపించడం ఇంకో సూచన. కొత్త స్ప్రింగు ఆ రైఫిల్ మోడల్‌కు ఉద్దేశించిందే అయి ఉండాలి. నీరసం రాకుండా ఉండాలంటే రైఫిల్‌ను పిన్ను ఎక్కించి ఉంచకుండా, ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాక పిన్ను వదిలి దాచండి.

తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కి సాధన చేస్తే పిన్ను విరుగుతుందా?

.315లో అప్పుడప్పుడు నొక్కితే విరగదు. రోజూ పదే పదే చేస్తే మాత్రం మొన అలసి విరిగే ప్రమాదం ఉంది. స్నాప్ క్యాప్, అంటే ప్రైమర్ స్థానంలో స్ప్రింగు లేదా మెత్తటి దిమ్మె ఉన్న ఉత్తుత్తి తూటా, వాడితే ఆ దెబ్బ అది తీసుకుంటుంది.

## తూటాలే అనుమానమైతే

తూటాల మీద పచ్చగా చిలుము పట్టింది. తుడిచి వాడచ్చా?

పైపైన పల్చగా ఉంటే పొడి గుడ్డతో తుడిచి, ఇత్తడి నునుపుగా ఉందో చూడండి. గోటికి గరుకుగా తగిలితే, గుంటలు పడితే, ప్రైమర్ చుట్టూ పచ్చటి వలయం ఉంటే ఆ తూటా వాడవద్దు. ప్రైమర్ చుట్టూ చిలుము ఉందంటే తేమ లోపలికి దారి చేసుకుంది. తుడవడానికి నూనె, బ్రాసో వాడకండి. కొత్తపట్నం, ఇస్కపల్లి లాంటి ఉప్పు కొటార్ల వైపు, రొయ్యల చెరువుల గట్ల మీద షెడ్లలో తూటాలు దాచేవాళ్లకు ఇది త్వరగా వస్తుంది. అక్కడి గాలిలోని ఉప్పు తేమను పట్టి ఇత్తడి మీద నిలుపుతుంది.

వరదలో ఇల్లు మునిగింది, తూటాలు తడిసిపోయాయి. ఎండబెడితే పనికొస్తాయా?

2021 నవంబరులో పెన్నా పొంగినప్పటి నుంచి ఈ ప్రశ్న ఆగలేదు. ఫ్యాక్టరీ తూటాల ప్రైమర్ చుట్టూ లక్క పూత ఉన్నా, గంటల తరబడి నీళ్లలో ఉంటే ఏది తట్టుకుంది, ఏది తట్టుకోలేదు అన్నది బయటికి కనబడదు. ఒకే పెట్టెలో కొన్ని పేలతాయి, కొన్ని ఆలస్యంగా పేలతాయి, కొన్ని సగం మందుతో గుండును గొట్టంలోనే వదిలేస్తాయి. అందుకే మొత్తం వదులుకోండి. ఎండలో, పొయ్యి దగ్గర, పెనం మీద ఆరబెట్టడం ప్రాణాంతకం.

రోహిణి కార్తె ఎండలో కారులో ఉండిపోయాయి. పాడైనట్టేనా?

ఒక మధ్యాహ్నానికి పాడవవు, కానీ ఆ తూటాలు నీడలో చల్లబడేదాకా కాల్చవద్దు, వేడికి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. వేసవంతా రేకుల షెడ్డులోనో కారులోనో ఉండిపోయినవైతే వాటి మందు నాణ్యత తగ్గిపోతుంది, వాటిని పక్కన పెట్టడమే మేలు.

.303 తూటా .315లో వాడచ్చా? రెండూ దగ్గర దగ్గరే కదా.

వాడకూడదు. చాంబర్ కొలతలు వేరు, గుండు వ్యాసం వేరు. పైగా .303 నిషేధిత బోరు, మామూలు లైసెన్సు మీద ఆ తూటా దగ్గర ఉండటమే నేరం.

పేలని తూటాను ఏం చేయాలి? బావిలో పడేయనా?

బావి, చెరువు, చెత్తకుప్ప, పాత ఇనుము కొట్టు, ఏదీ వద్దు. గుండు ఊడదీసి మందు పారబోయాలని చూడవద్దు, ప్రైమర్ అప్పటికీ బతికే ఉండవచ్చు. విడి డబ్బాలో పెట్టి లైసెన్సున్న ఆయుధ డీలరుకో, స్టేషనుకో అప్పగించి రసీదు తీసుకోండి. లైసెన్సు పుస్తకంలో తూటాల లెక్క సరిపోవాలంటే ఆ రసీదే మీకు ఆధారం.

## .22 రైఫిల్ వాడే ఎన్‌సీసీ శిక్షకులు అడిగేవి

.22లో తూటా పేలకపోతే అదే తూటాను తిప్పి పెట్టమంటారు. ఎందుకు?

.22 తూటాకు విడి ప్రైమర్ ఉండదు. అంటుకునే మందు కేసు అడుగు అంచు మడతలో చుట్టూ పరచి ఉంటుంది. తయారీలో ఎక్కడైనా అంచులో మందు సరిగా పరుచుకోకపోతే, పిన్ను సరిగ్గా అక్కడే తగిలితే పేలదు. తిప్పి పెడితే పిన్ను అంచులో ఇంకో చోట తగులుతుంది. నిమిషం ఆగాక, శిక్షకుడి పర్యవేక్షణలో, ఒక్కసారే ఇలా చేయాలి.

పిల్లల చేత ఖాళీ .22తో ట్రిగ్గర్ సాధన చేయించవచ్చా?

చేయించకండి. .22లో పిన్ను తూటా అంచును కొడుతుంది. తూటా లేకపోతే అదే పిన్ను నేరుగా చాంబర్ అంచుకు తగిలి అక్కడ సొట్ట చేస్తుంది. ఆ సొట్ట వల్ల తూటా పూర్తిగా లోపలికి దిగదు, దిగినా తీయడానికి రాదు, పిన్ను మొన కూడా చదునవుతుంది. ఇది తప్పించడానికే .22 స్నాప్ క్యాప్‌లు ఉన్నాయి. అప్పటికే సొట్ట పడితే యూనిట్ ఆర్మరర్‌కు రాసి పంపండి, రేంజి దగ్గర ఆకురాయి పెట్టి రుద్దవద్దు.

## మరమ్మతు, చట్టం

మా ఊళ్లో లేత్ షాపు మిస్త్రీ పిన్ను చేసిస్తానన్నాడు. చేయించుకోవచ్చా?

చేయించుకోకూడదు. ఆయుధాల చట్టం 1959లోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ మరమ్మతు చేయడానికి విడిగా లైసెన్సు ఉండాలి. లేకుండా చేస్తే 25వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, శిక్ష కనీసం 7 ఏళ్ల జైలు. ఆ మిస్త్రీ జీవితాన్ని కూడా మీరు ఆ కేసులోకి లాగినట్టవుతుంది.

పనితనం సంగతి చూసినా ఇది నష్టమే. పిన్నుకు సరైన ఉక్కు, సరైన గట్టిదనం, మొన గుండ్రదనం మూడూ కుదరాలి. మెత్తగా ఉంటే మొన చదునవుతుంది, మరీ గట్టిగా ఉంటే విరుగుతుంది, పదునుగా ఉంటే ప్రైమర్‌ను చీలుస్తుంది.

నెల్లూరుకు చెన్నై దగ్గర. అక్కడి గన్‌స్మిత్‌కు చూపించుకోవచ్చా?

ముందు లైసెన్సులో అది ఏ ప్రాంతానికి చెల్లుతుందో చూడండి. ఆంధ్రప్రదేశ్‌కే పరిమితమైతే తడ దాటి తమిళనాడులోకి రైఫిల్ తీసుకెళ్లడం ఉల్లంఘన. లైసెన్సు ఇచ్చిన అధికారి దగ్గర అనుమతి తీసుకున్నాకే బయలుదేరండి. దారిలో రైఫిల్ ఖాళీగా, కవరులో, తూటాలు విడిగా, లైసెన్సు అసలు పుస్తకం వెంట ఉండాలి.

బాగైందో లేదో పొలంలో గాల్లోకి ఒకటి కాల్చి చూడచ్చా?

వద్దు. గాల్లోకి వెళ్లిన గుండు ఎక్కడో ఒకచోట దిగుతుంది. ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా నిర్లక్ష్యంగా కాల్చితే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పరీక్ష అనుమతి ఉన్న రేంజిలోనే జరగాలి. పంట మీద పడే పందుల మీద పరీక్షించడం కూడా కుదరదు. ఆయుధ లైసెన్సు వన్యప్రాణిని కాల్చే అనుమతి కాదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది అటవీశాఖ చేతిలో ఉంటుంది.

## నిల్వ, ఎన్నికలప్పుడు స్టేషనులో అప్పగింత

ఎన్నికలకు స్టేషనులో ఇచ్చిన రైఫిల్ తిరిగొచ్చాక పేలడం లేదు. ఎందుకు?

2024 ఎన్నికల కోడ్ మార్చి 16 నుంచి జూన్ మొదటి వారం దాకా సాగింది. అంటే నిండు వేసవి అంతా రైఫిల్ కదలకుండా నిలబడి ఉంది. ఇచ్చేముందు రాసిన నూనె వేడికి పల్చబడి కిందికి జారి, బోల్టులో చేరి, దుమ్ముతో కలిసి బంకవుతుంది. నూనె దిగిపోయిన చోట తుప్పు మొదలవుతుంది.

తీసుకునేటప్పుడే స్టేషనులో ఒక పని చేయండి. బోల్టు మీది నంబరు, రైఫిల్ బాడీ మీది నంబరు ఒకటేనా చూడండి. బోల్టులు విడిగా దాచిన చోట మారిపోయే అవకాశం ఉంది. వేరే రైఫిల్ బోల్టుతో పిన్ను దెబ్బే కాదు, హెడ్‌స్పేస్ కూడా తప్పుతుంది. నంబరు కలవకపోతే సంతకం పెట్టకండి, రైఫిల్ కాల్చకండి. ఇంటికి తెచ్చాక గొట్టం, చాంబర్, బోల్టు కడిగి ఆరబెట్టిన తర్వాతే తూటా పెట్టండి.

ఇచ్చేముందు జాగ్రత్త: బోల్టు లోపల పొడిగా, ఒక్క చుక్క నూనెతో ఉంచి, బయటి లోహానికి, గొట్టం లోపలికి నూనె గుడ్డ పట్టించండి. రసీదులో రెండు నంబర్లూ రాయించుకోండి.

ఇంట్లో ఎలా దాచాలి?

తోలు కవరులో వద్దు, తోలు తేమను పట్టి ఇనుముకు అంటిస్తుంది. ఖాళీ చేసి, తాళం వేసిన బీరువాలో, గొట్టం కొద్దిగా కిందికి వంగేలా పెడితే నూనె బోల్టులోకి దిగకుండా మూతి వైపు పోతుంది. తూటాలు వేరే తాళంలో, మూత గట్టిగా పట్టే డబ్బాలో, సిలికా జెల్ సంచితో ఉంచండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనం కురిసే నెలల్లో, పదిహేను రోజులకోసారి బోల్టు తీసి చూడండి, సిలికా జెల్ రంగు మారితే మార్చండి. మిగతా కాలం నెలకోసారి చాలు. తూటాల డబ్బా మీద కొన్న తేదీ, లాటు నంబరు రాసి, పాతవి ముందు వాడండి.